ఆ పేరుతో ఎవరూ లేరన్నాను

మా గోదావరి లంకలో ఇంటింటికీ తిరిగి పురుళ్లు పోసిన నర్సమ్మగారు పోయిన నెల కన్నుమూశారు. అమ్మ ఫోను చేసి చెప్పింది. నన్ను రమ్మని మాత్రం అనలేదు. ఎందుకనలేదో నాకు తెలుసు. అది మీకు చెప్పకుండా ఆవిడను తలుచుకునే అర్హత నాకు లేదు.

నేను పుట్టిన రోజు గోదావరి వరద మీద ఉంది. ఆవిడ నాటుపడవలో ఏరు దాటి వచ్చి, పేగు మెడకు వేసుకుని నీలంగా పుట్టిన నన్ను ఏడిపించారట. నాన్న ఆవిడ అసలు పేరే నాకు పెట్టాడు. మాణిక్యం. మా చుట్టుపక్కల ఊళ్లలో అలాంటి మాణిక్యాలం చాలామందిమి. ఎవరైనా ఆ మాట ఎత్తితే ఆవిడ, "నాదేముందండి, ద్రాక్షారామంలో మాణిక్యాంబ అమ్మవారి పేరు. మా అమ్మ నాకిచ్చింది, నేను మీ పిల్లలకిచ్చాను" అనేవారు. మా పడవల రేవు కూడా మాణిక్యమ్మ రేవే. దానికి చోటిచ్చిన పాతకాలపు ఆవిడ పేరట. అక్కడ పడవెక్కిన ప్రతిసారీ నర్సమ్మగారు వంగి నీళ్లు కళ్లకద్దుకునేవారు. సంచిలో సబ్బుబిళ్ల, ఉతికిన తువ్వాలు ఎప్పుడూ ఉండేవి. నేను ఎక్కడ కనిపించినా ముందు గోళ్లు చూపించమనేవారు.

కాలేజీలో నా పేరు విని నవ్వారు. ఉద్యోగంలో చేరకముందే మాన్వి అని మార్చుకున్నాను.

రాజమండ్రిలో బ్యాంకు కౌంటర్లో ఉండగా, ఓ రోజు పెన్షన్ పనిమీద ఆవిడ వచ్చారు. వరుస చివర నుంచే గుర్తుపట్టి, "మాణిక్యం, నువ్వేంటే ఇక్కడ?" అని పిలిచారు. పక్క సీటు అమ్మాయి తలతిప్పి చూసింది.

"ఇక్కడ ఆ పేరుతో ఎవరూ లేరండి" అన్నాను.

ఆవిడ నా నేమ్ బోర్డు కేసి చూశారు.

"పొరబడ్డానండి" అని తలుపు వైపు నడిచారు.

నాకు ఊపిరి పోసిన మనిషి నన్ను అండీ అన్నారు. తలుపు దాకా పదడుగులు కూడా ఉండవు. లేచి వెళ్లలేదు. ఆ తర్వాత ఊరెళ్లినప్పుడల్లా ఆవిడ వీధి తప్పించి నడిచాను. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చివరికి నేనే అమ్మకు చెప్పాను. ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు.

ఆవిడ పోయిన పదో రోజుకు వాళ్లింటికి వెళ్లాను. వసారాలో చాపల మీద ఆడవాళ్లు కూర్చున్నారు. పాలకొల్లు నుంచి వచ్చినావిడ నన్ను, మీరెవరి తాలూకండీ అనడిగింది. ఈ ఊరేనండి అని ఊరుకున్నాను.

ఇంతలో పెరట్లోంచి నర్సమ్మగారి కూతురు కేకేసింది. "మాణిక్యం, ఓసారిలా రామ్మా, విస్తళ్లు అందివ్వాలి."

ఆరుగురు ఒక్కసారే లేచారు. ఒకరినొకరు చూసుకుని, తడికళ్లతోనే నవ్వుకుంటూ పెరట్లోకి నడిచారు. వాళ్లు ఖాళీ చేసిన చాపల మధ్య నేను తలొంచుకుని కూర్చుండిపోయాను.