మిక్స్‌లో ఎవరి పేరు

మా వైపు డీజే మిక్స్ ఎవరి చేతిలో పుట్టిందంటే ఒక్కో బస్తీ ఒక్కో పేరు చెబుతుంది. నన్నడిగితే అది ఊరేగింపులోనే పుట్టింది. నా చిన్నప్పుడు ఉప్పల్ పెళ్లిళ్లలో ముందు డప్పులు, వెనక బండి మీద పెద్ద బాక్సులు. ఒకదాని మోతలో ఒకటి వినపడేది కాదు. ఎవరో తెలివైనవాడు ఆ డప్పునే రికార్డు చేసి బాక్సుల్లోకి ఎక్కించాడు. అడుగున గుండెల మీద గుద్దే బేస్, పైన తీన్మార్ దరువు, మధ్యలో వేగం పెంచిన జానపద పాట. ఇక కాళ్లు నిలవవు.

ఈ పని నాకు బాగా వచ్చు. మొహమాటం దేనికి, నాచారంలో నాకంటే బాగా చేసేవాళ్లను నేను చూడలేదు. పగలు ఫ్యాక్టరీ ఆఫీసులో టైపింగ్, సాయంత్రం ఇంట్లో కంప్యూటర్ ముందు మిక్సింగ్. బండి, బాక్సులు మా అన్నవి. పాట మధ్యలో మిక్స్ చేసినవాళ్ల పేరు గట్టిగా అరిపించడం మా ఆనవాయితీ. నా మిక్సుల్లో మోగేది మాత్రం మా అన్న పేరు. సొమ్మొకడిది, సోకొకడిది. నాకు ఒళ్లు మండేది.

"ఈసారి నా పేరు పెట్టుకుంటనే అన్నా" అంటే, "ఆడపిల్ల పేరు ఇంటే మనల్ని ఎవడు పిలుస్తడే?" అని నవ్వేవాడు.

మొన్న బోనాలకు కొత్త మిక్స్ అడిగాడు. గదిలో గొంతు ప్రతిధ్వనించకుండా బీరువా తెరిచి, చీరల మధ్య తల పెట్టి, నా పేరు నేనే అరిచి ఫోన్‌లో రికార్డు చేశాను. అన్న పేరు తీసేసి అది పెట్టాను. పెన్‌డ్రైవ్ ఇచ్చేటప్పుడు భయం వేసింది, అబద్ధమెందుకు.

బోనాల రోజు మధ్యాహ్నం, అమ్మవారికిచ్చే రంగు కాగితాల తొట్టెల ఊరేగింపు మా గల్లీలోకి వచ్చింది. బండి మీద అన్న. దరువు ఎత్తుకుంది, ఒక్క క్షణం ఆగింది, నా పేరు గల్లీ అంతా మోగింది. అన్న చెయ్యి ల్యాప్‌టాప్ మీద పెట్టి నా వైపు చూశాడు. ఆపేస్తాడనుకున్నాను. కానీ అప్పటికే జనం ఎగురుతున్నారు. పక్కింటి పెద్దమ్మ కొంగు బిగించి దిగింది. పాట అయిపోగానే, "అన్నా, గదే మళ్ల ఎయ్యి!" అని కేకలు. వేయక తప్పలేదు.

అన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"ఉప్పల్‌ల పెండ్లి ఉన్నది. గా పిల్ల చేసిన మిక్సే కావాల్నంటున్నరు" అన్నాడు. పెన్‌డ్రైవ్ నా ముందు పెట్టి, "నీ పేరెనక నా పేరు గూడ పెట్టే, జర" అన్నాడు.

పెట్టాను. సౌండ్ కొంచెం తగ్గించి.