కొంగు కింద జవాబులు

మొన్న ప్రభుత్వ ఆసుపత్రిలో మా అన్నకు మతిమరుపు పరీక్ష చేయించాం. నేనూ లోపలికి వెళ్ళబోతే నర్సు ఆపి, "మీరు బయటే ఉండండి సార్, ఇంటివాళ్ళు పక్కనుంటే జవాబులు అందించేస్తారు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బెంచీ మీద కూర్చున్న నలభై నిమిషాలూ, ఎప్పుడో పోయిన మా మేనత్త నా పక్కనే ఉన్నట్టు అనిపించింది.

మా తాత బెంగళూరు పక్కన ఆనేకల్ వైపు సంతల్లో ఎడ్ల దళారి. పదిమందిలో బేరం బయటపడకుండా తువ్వాలు కింద ఎదుటివాడి వేళ్ళు పట్టి అంకె చెప్పేవాడు. ఆ విద్య అత్తకు వచ్చింది, అత్త నుంచి నాకు. ఏడో తరగతితో బడి మానేసిన నేను బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో గుడ్డ కొలతలు నోటిలెక్కన చెప్పగలిగానంటే ఆమె చలవే. పెళ్ళి పంక్తిలో ఎదుటివాడు ఎన్ని లడ్లు తిన్నాడో నా వేళ్ళు పట్టి చెప్పి, ఏమీ ఎరగనట్టు పప్పు కలుపుకునేది.

పందొమ్మిది వందల తొంభైల చివర్లో ఆమె కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం, మా వీధి మరిచిపోవడం మొదలైంది. ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. కుర్ర డాక్టరు వచ్చీరాని తెలుగులో, "అజ్జీ, నూరులో ఏడు తీసేస్తే ఎంత?" అన్నాడు.

"ఏమప్పా, ఇంత చదివినోడివి, నీకే తెల్దా?" అంది అత్త.

డాక్టరు నవ్వుతూ కాగితం మీదికి వంగాడు. అత్త నా వైపు చూసింది. ఆ కళ్ళలో భయం ఉంది. ఆమె పరువు పోకూడదనుకున్నాను, అంతే. కొంగు కింద ఆమె వేళ్ళు పట్టాను. ఐదు, నాలుగు కలిపి తొమ్మిది పదులు, కాసేపాగి మూడు. "తొంభై మూడు" అంది. ఇంకో ఏడు, మరో ఏడు తీయమంటే అలాగే ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది. డాక్టరు మెచ్చుకుని, వయసు ప్రభావమేనంటూ బలానికి మాత్రలు రాశాడు.

గేటు దాటాక, "నాకేం లేదు కదప్పా?" అని అడిగింది.

"నూటికి నూరు బాగుండావత్తా" అన్నాను.

ఆ మాట ఆమె నమ్మింది. విచిత్రంగా నేనూ నమ్మాను. అందుకే స్టవ్ ఆర్పకపోతే నిర్లక్ష్యమన్నాం, అడిగిందే అడిగితే మొండితనమన్నాం. నా భార్య తన చీరలు దాచేస్తోందని అత్త ఏడిస్తే గట్టిగా కసిరాను. రెండేళ్ళకు, దారి తప్పి కె.ఆర్.పురం రైల్వే స్టేషన్లో దొరికాక మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాం. ఈసారి ఒక డాక్టరమ్మ ఆమెతో ఒంటరిగా మాట్లాడి బయటికి వచ్చింది. "ఈ మతిమరుపు జబ్బు మొదట్లోనే తెలిసుంటే ఆమెకే చెప్పేవాళ్ళం. ఎలా ఉండాలనుకుంటోందో ఆమెనే అడిగేవాళ్ళం. మీకూ చూసుకునే పద్ధతి నేర్పేవాళ్ళం. ముందెప్పుడూ చూపించలేదా?"

"చూపించాం మేడమ్" అన్నాను. మిగతాది చెప్పలేదు.

అప్పటికే అత్తకు రోజులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. నాకు మాత్రం ఆ రెండేళ్ళూ, ఒక్క రోజు కూడా తగ్గకుండా, విడివిడిగా మిగిలిపోయాయి.