క్లోరిన్ పంపు మీద ఎర్ర గీత

మంగళవారం ఉదయం ఆరుంబావుకు నరసరావుపేటలోని ఒక ఆసుపత్రిలో మా పంపు గది బాబాయి చనిపోయారు. గుండెపోటు. అప్పటికి ఆయన మీద విచారణ నడుస్తోంది. తాగే నీళ్లలో క్లోరిన్ పడకుండా చేశారన్నది ఆరోపణ. అది మొదట అచ్చయింది నా వార్తలోనే.

ఆయన మాకు చుట్టం కాదు, ఎదురింటి మనిషి. వెల్దుర్తి వైపు ఊళ్లలో ఎదురింటాయన బాబాయి, ఆయన భార్య పిన్ని. పద్దెనిమిదేళ్లు మా ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు కింద గదిలో పనిచేశారు. అక్కడ మెయిన్ పైపు పక్కన గోడకు చెప్పుల పెట్టె అంత పంపు ఒకటి ఉంటుంది. లోపల కాయిల్. కరెంటు వచ్చినప్పుడు కాయిల్ ఇనప కడ్డీని లాగుతుంది, పోయినప్పుడు స్ప్రింగ్ దాన్ని వెనక్కి నెడుతుంది. నెట్టినప్పుడల్లా టక్కుమని కాసింత క్లోరిన్ మందు పైపులోకి వెళ్తుంది.

మెయిన్ పైపులో నీళ్ల ప్రెషర్ కంటే పంపు ప్రెషర్ ఎక్కువుంటేనే మందు లోపలికి పోతుంది. దాన్ని సరిచేసేది పైనున్న ఒక స్క్రూ. బిగిస్తే ప్రెషర్ పెరుగుతుంది. వదులైతే మందు పక్క గొట్టంలోంచి తిరిగి డ్రమ్ములోకే వస్తుంది. ఈ తేడా చెవికి తెలియదు. పంపు టక్ టక్ మంటూనే ఉంటుంది.

స్క్రూ కదలకుండా పట్టి ఉంచే నట్టు ఎప్పుడో పగిలిపోయింది. కొత్తది కావాలని బాబాయి చాలాసార్లు అడిగారు, రాలేదు. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇంటి గేటుకు వేయగా మిగిలిన ఎర్ర రంగులో అగ్గిపుల్ల ముంచి, స్క్రూ మీదా దాని కింద పంపు మీదా కలిసేలా ఒక గీత గీసేవారు. రెండు ముక్కలూ ఒక వరసలో లేకపోతే ఎవరో చెయ్యి పెట్టారని అర్థం. పొద్దున గదిలోకి వెళ్లగానే ముందు ఆ గీతను చూసేవారు. తర్వాత గుమ్మంలో ఎవరున్నారో చూసేవారు.

ఆయనకు అందరి మీదా అనుమానమే. మందు వాసన వస్తోందని గొడవపెట్టే వీధి మీద, మీటరు చదివి పోయే మనిషి మీద, నా మీద కూడా.

"ఒరేయ్, చేతులు జేబులో పెట్టుకో. పేపరోడి చెయ్యి ఊరుకోదు" అన్నారు ఒకసారి.

"నాకెందుకు బాబాయ్ నీ స్క్రూ?"

"అది తిరిగితే నీకు వార్త, నాకు చావు. అందుకని."

ప్రెషర్ చూపే గేజిని కూడా నమ్మేవారు కాదు. వేలితో రెండుసార్లు కొట్టి, ఆ తర్వాత గొట్టం ఊడదీసి సీసాలో పట్టి, నిమిషానికి ఎంత పడిందో చూసేవారు. "ముల్లు ఏం చెప్పిందనేది వద్దు. సీసాలో ఏం పడిందో అది చెప్పు" అనేవారు. నేను విలేకరిగా చేరిన కొత్తలో, పక్క ఊళ్లో కొత్త కుళాయిలకు నీళ్లు వచ్చాయని రాసి ఆయనకు చూపించాను. "నువ్వు కుళాయి తిప్పావా?" అని అడిగారు. తిప్పలేదు. వెళ్లి తిప్పాను, గాలి వచ్చింది. అప్పటి నుంచి తిప్పకుండా రాయలేదు, ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారి ఈ దసరా తర్వాత. ఒక వీధిలో కొందరికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అందరూ కోలుకున్నారు. కుళాయి నీళ్లలో క్లోరిన్ లేదని పరీక్షలో తేలింది. ఇంజనీరు వచ్చి చూస్తే స్క్రూ బాగా వదులై ఉంది. ఎర్ర గీత లేనే లేదు. తాళం ఎవరి దగ్గర ఉంటుందని ఆయన అడిగారు. "నా దగ్గరే. ఎవరికీ ఇవ్వలేదు" అన్నారు బాబాయి. అదే రాశాను. వాసన గొడవ పడలేక ఆయనే తగ్గించి ఉంటారని నా అనుమానం. ఆ మాట రాయలేదు గానీ, చదివినవాళ్లకు అదే తోచేలా రాశాను. బాబాయి పేపరు మడిచి మా అరుగు మీద పెట్టి వెళ్లిపోయారు. ఆ తర్వాత మాట్లాడలేదు.

గురువారం చిన్నదినం. వచ్చినవాళ్లు వెళ్లాక పిన్ని నన్ను పిలిచింది.

"తాళం ఆయన దగ్గర లేదు అబ్బాయ్. పండక్కి ముందు రోజు జొరం తగిలింది. నాలుగు రోజులు మంచం దిగలా. మిషన్‌కి పూజ చెయ్యకపోతే ఎట్టా అని నేనే తీసుకుపోయా."

"ఏం చేశావు పిన్నీ?"

"ఏం చేస్తాం? స్విచ్చి ఆపి తోమా. ఆ స్క్రూ మీద నిరుటి బొట్టు ఎండిపోయి ఉంది, ఎర్రగా. పాత బొట్టు మీద కొత్తది ఎట్టా పెడతాం? కొబ్బరి పీచు పెట్టి తిప్పి తిప్పి రుద్దితే చానాసేపటికి పోయింది. పసుపు రాసి బొట్టు పెట్టి, మళ్లీ స్విచ్చి ఏసొచ్చా."

పిన్ని ఇంకా చెప్పింది.

"రోజూ మంచంలోంచి అడిగేవాడు, టక్ టక్ మంటందా అని. పోయి విని, మంటందని చెప్పేదాన్ని. ఇంజనీరొచ్చిన రోజే మంచం దిగి పోయాడు. ఇంటికొచ్చి, దేంతో తోమావే అన్నాడు. పీచుతో అన్నా. అంతే, మళ్లీ ఎత్తలా. నిన్న ఊళ్లో ఎవరో అంటంటే విన్నా, గీత సంగతి. అది బొట్టు కాదంటగా?"

"కాదు పిన్నీ."

"అయితే రాయి. నా పేరు పెట్టే రాయి. విచారణలో గూడా నేనే చెప్తా."

ఇక్కడ నా సందేహం కూడా రాయాలి. ఈ మాట నిజం కావచ్చు. భర్త పేరు మీద మచ్చ ఉండకూడదని భార్య తన మీద వేసుకున్నదీ కావచ్చు. బాబాయి ఆమె కోసం అబద్ధం చెప్పారా, ఆమె ఆయన కోసం చెబుతోందా? ఆయన ఉంటే రెంటినీ నమ్మేవారు కాదు. సీసా తెమ్మనేవారు. పీచుతో రుద్దితే ఆ స్క్రూ అంత వదులవుతుందా అన్నది చేసి చూస్తే గానీ తేలదు. ఇంజనీరుకు ఫోన్ చేసి అదే చెప్పాను. మనిషి పోయినా విచారణ ఆగదని, జబ్బుపడ్డ ఇళ్లకు కారణం చెప్పాలని ఆయన అన్నారు.

సోమవారం పదకొండు గంటలకు అందరి ముందు పంపు గది తెరుస్తారు. స్క్రూను సరైన ప్రెషర్‌కు బిగించి, కొత్తగా ఎర్ర గీత గీసి, రంగు ఆరాక, ఆ రోజు లాగే తోమమని పంపును పిన్నికి అప్పగిస్తారు. కొబ్బరి పీచు ఇంటి నుంచే తెచ్చుకోమని ఆమెకు చెప్పారు.