బావిగట్టు మీద పచ్చచొక్కా

నాకు అనుమానం ఎక్కువని మా వీధంతా అంటుంది. అననీ. డెబ్బై ఎనిమిదో సంవత్సరం ఆళ్లగడ్డలో అనుమానం లేని ఆడది ఎవరో చూపించండి. ఆ ఏడాదే నా భర్త మహానందయ్య ఒక ముఠా కొట్లాట కేసులో సాక్ష్యం చెప్పాడు. ఆనాటి నుంచి ఆయన గడప దాటితే, తిరిగి వచ్చేదాకా నాకు ముద్ద దిగేది కాదు.

అప్పుడే మా వెనక పోర్షన్‌లో బడిపంతులు నతానియేలు, ఆయన భార్య హన్నమ్మ అద్దెకు దిగారు. పెరడూ బావీ రెండిళ్లకూ ఉమ్మడి. పంతులు మెత్తటి మనిషి. ఆ మెత్తదనమే నాకు నచ్చలేదు. మా అంగట్లో వారం వారం కొర్రలు కొంటాడు, తినేది మాత్రం వరి బువ్వ. పోనీ కోళ్లకా అంటే ఇంట్లో ఒక్క కోడి లేదు. కుండపెంకుల్లో నీళ్లు పోసి గోడ మీద పెడతాడు. బొప్పాయి ముక్కలు కోసి కొమ్మలకు గుచ్చుతాడు. తెల్లారేసరికి కిటికీ రెక్క ఓరగా తీసి, ఒళ్లో పుస్తకంతో దాని వెనక కూర్చుంటాడు. ఏంది సారూ ఇదంతా అని అడిగితే, పిట్టల కోసమమ్మా అని నవ్వేవాడు. రంగుల పిట్టలు పెరట్లోకి రావాలంటే గింజలు, నీళ్లు, పండ్లు పెడితే చాలదట, మనిషి కదలకుండా ఉండాలట. నలభై ఏళ్ల మగవాడు పిట్టల కోసం కిటికీ వెనక దాక్కుంటాడంటే నేను నమ్మాలా!

ఒకరోజు చేద కోసం వాళ్లింట్లోకి పోయాను. ఎవరూ లేరు. కిటికీలో పుస్తకం ఉంది. తెరిచాను. సిగ్గెందుకు, తెరిచాను.

"పచ్చచొక్కా. పొద్దున ఆరున్నర. బావిగట్టు. ఒంటరి. పది అడుగుల దాకా పోయినా బెదరలేదు."

మరుసటి రోజు తేదీ కిందా అదే రాత. మా ఆయన రోజూ ఆరున్నరకు ఆ బావి దగ్గరే స్నానం చేస్తాడు. ఆయనకున్న చొక్కాలు రెండు. రెండూ పచ్చవే, ఒకే తానులోవి.

నేను చెప్పగానే మా మరిది విశ్వేశ్వరయ్య నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. పంతులు ముఖం పాలిపోయింది. పేరు తెలియని పిట్టలకు రంగును బట్టి తానే పేర్లు పెట్టుకున్నానన్నాడు. ఒకటి పచ్చచొక్కా అట, ఒకటి పసుపుకోటు, ఇంకొకటి ఎర్రతలగుడ్డ. ఎవరూ నమ్మలేదు. ఆయన చేతులు జోడించాడు.

"ఒక్క గడియ కదలకుండా కూచోండప్పా. వస్తాది. మీరే చూస్తారు."

కూర్చున్నారు. ఐదుగురు మగవాళ్లు, చేతుల్లో కట్టెలు, నోళ్లలో బీడీలు. ఇంక ఏ పిట్ట వస్తుంది? కాకి కూడా రాలేదు. సాయంత్రానికి ఇల్లు ఖాళీ చేయాలని చెప్పి మా మరిది లేచాడు. పంతులు నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

మూడో రోజు పొద్దున మా ఆయన స్నానం చేస్తుంటే నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. గుప్పిట్లో పట్టేంత పిట్ట ఒకటి బావిగట్టు మీద వాలింది. ఒళ్లంతా ఆకుపచ్చ, తోకలో సూదిలాంటి ఈక. ఆయన చెంబు ఎత్తినా బెదరలేదు. పాపిష్టిదాన్ని, అక్కడే కూలబడ్డాను.

ఆ రోజే బస్సెక్కి నంద్యాల పోయాను. పంతులు దంపతులు అక్కడ రైస్ మిల్లుల వెనక హన్నమ్మ పుట్టింట్లో ఉన్నారు. కుర్చీ వేసి కాఫీ ఇప్పించాడు. తప్పు నాదే సారూ, ఇల్లు అట్లే ఉండాది, రాండి అని బతిమాలాను. బడికి దూరమైనా ఇక్కడే బాగుందన్నాడు. పుస్తకం ఏదని అడిగితే పొయ్యిలో పెట్టానన్నాడు. ఆరేళ్ల రాత అది.

మూసిన పెరటి తలుపు అవతల పిట్టలు ఒకటే గోల చేస్తున్నాయి. మిల్లు గింజలకు వచ్చినట్టున్నాయి. ఆయన్ను కాస్త సంతోషపెడదామని లేచి గడియ మీద చెయ్యి వేశాను.

"తెరవొద్దమ్మా," అన్నాడు నతానియేలు. "పక్కింటోళ్లు ఎట్లాంటోళ్లో నాకింకా తెలీదు."