నెల్లాళ్ళ రిటైర్మెంటు

మా అన్నయ్య మనవడు ఉద్యోగంలో చేరి ఇంకా రెండేళ్ళు నిండలేదు, అప్పుడే నలభయ్యో ఏట రిటైరైపోతానంటున్నాడు. జీతంలో ఎంత దాచాలో, దాచింది ఎక్కడ పెట్టాలో, అన్నీ ఫోన్లో చూపిస్తూ నాకు ఓపిగ్గా వివరించి, చివర్న "మీ కాలంలో ఇలాంటి ఆలోచనలు ఉండేవి కావులే మామ్మా" అని జాలిపడ్డాడు. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. ఉండేవి నాయనా. ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడమే గగనం, దొరికినదాన్ని వదిలేస్తానన్న మనిషిని డాక్టరుకి చూపించేవాళ్ళు కాబట్టి ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు, అంతే. నేనైతే ముప్పై అయిదేళ్ళకే మానేద్దామనుకున్నాను. అనుకోవడమే కాదు, రిటైర్మెంటు ఎలా ఉంటుందో ముందుగా ఒక నెల్లాళ్ళు అనుభవించి కూడా చూశాను (చీర కొనేముందు భుజం మీద వేసుకుని చూసుకున్నట్టు).

డెబ్బైల మొదట్లో సంగతి. రేపల్లెలో ఒక ఆఫీసులో టైపిస్టుని. తెనాలిలో పిన్ని ఇంట్లో ఉంటూ రోజూ పొద్దున్న పాసింజరులో వెళ్ళి, సాయంత్రం పాసింజరులో తిరిగొచ్చేదాన్ని. నాకు నోరు తక్కువ. ఆఫీసులో ఫ్యాను నా బల్ల మీది కాగితాలన్నీ ఎగరగొడుతుంటే, తగ్గించమని అడగలేక ఒక చేత్తో కాగితాలు పట్టుకుని రెండో చేత్తో టైపు చేసేదాన్ని. చదువు మీద మాత్రం చెప్పలేనంత ఆశ. లైబ్రరీ పుస్తకాన్ని సంచిలో అన్నం క్యారియరు కింద దాచుకునేదాన్ని, ఏం చదువుతున్నావని ఎవరైనా అడుగుతారేమోనని. రోజంతా ఊళ్ళోవాళ్ళ అర్జీలు టైపు చెయ్యడానికేనా నేను పుట్టింది, హాయిగా ఇంట్లో కూర్చుని పుస్తకాలు చదువుకోవద్దూ, అని ఒకనాడు డైరీలో రాసుకున్నాను. రాసినప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఆ వయసులో రాసుకున్న మాట రాజశాసనం కింద లెక్క.

వెంటనే పొదుపు మొదలుపెట్టాను. స్టేషను నుంచి ఆఫీసుకి రిక్షా మానేసి నడక. పండక్కి రెండు చీరలు కాదు, ఒకటే. కాఫీ కూడా మానేశాను (మూడో నాడు పిన్ని "నీ మొహం చూళ్ళేక చస్తున్నానే" అని గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది, దాంతో ఆ పద్దు కొట్టేశాను). అసలు బలమంతా పిన్ని నడిపే చీటీ. నెలనెలా అందరూ వేసిన డబ్బుని, అవసరం ఉన్నవాళ్ళు ఇంత తగ్గించుకు తీసుకుంటామని పాట పాడి పట్టుకుపోతారు. ఆ తగ్గిన సొమ్ము మిగతావాళ్ళు పంచుకుంటారు. చివరిదాకా పాడకుండా కూర్చున్నవాళ్ళకి మాత్రం పైసా తరగకుండా మొత్తం చేతికొస్తుంది. అంతమంది ఆడవాళ్ళ మధ్య గొంతెత్తి పాట పాడే ధైర్యం నాకు ఏ నెలా రాలేదు. సిగ్గుకి వడ్డీ వచ్చే ఏర్పాటు లోకంలో అదొక్కటే అనుకుంటాను.

పెన్షను సంగతి కూడా కనుక్కుందామని ఒకరోజు మా హెడ్ గుమస్తాగారి బల్ల ముందు నిలబడ్డాను. "ముందే మానేసినవాళ్ళకి పెన్షను వస్తుందాండి? మా స్నేహితురాలు అడగమందండి" అన్నాను. ఆయన ఫైల్లోంచి తలెత్తలేదు.

"మీ స్నేహితురాలికి పెళ్ళి కుదిరిందామ్మా?"

"లేదండి."

"లాటరీ తగిలిందా?"

"లేదండి."

"అయితే బుద్ధిగా టైపు చేసుకోమని చెప్పు" అన్నారు.

ఆ వేసవిలో చీటీ పూర్తయి సొమ్మంతా నా చేతికొచ్చింది. సరిగ్గా అప్పుడే బాపట్ల నుంచి మా బావగారు ఏదో పని మీద తెనాలి వచ్చారు (ఉద్యోగం మానేసే ఆలోచన ఉత్తరంలో అక్కకొక్కదానికే రాశాను). "మా ఇంటికి దగ్గర్లోనే, సరుగుడు తోట పక్కన చిన్న స్థలం ఉందమ్మాయ్. తోటాయన నీకైతే ఇస్తానన్నాడు. వచ్చే నెలాఖరుకల్లా అవునో కాదో చెప్పెయ్యాలి" అన్నారు. "ఇసకలో స్థలమేంటయ్యా, కట్టిన ఇల్లు సముద్రంలోకి నడిచిపోదూ?" అని పిన్ని నవ్వింది కానీ, నా గుండె మాత్రం ఆ ఇసకలో అప్పుడే ఒక గది కట్టేసింది. గది, కిటికీ, కిటికీ కింద కుర్చీ, కుర్చీలో నేను. కాకపోతే ఆ సొమ్ము తప్ప నాకు వేరే సొమ్ము లేదు. ఒకసారి ఇసకలో పోశానంటే మళ్ళీ రాదు. అందుకని, నెల్లాళ్ళు లీవు పెట్టి బాపట్లలో అక్క ఇంట్లో ఉంటాను, అచ్చం రిటైరైన మనిషిలా బతికి చూస్తాను, ఆ తర్వాత తోటాయనకి జవాబు చెబుతాను అని నిశ్చయించుకున్నాను. ఇంత ముందుచూపు నాకుందని నాకే ముచ్చటేసింది.

లీవు సంగతి బండిలో టీచరమ్మగారికి మాత్రం చెప్పాను. ఆవిడ రేపల్లెలో మిషను బడిలో టీచరు, మా పిన్నికన్నా పెద్దావిడ. బండి తెనాలి ప్లాట్‌ఫాం మీదికి రాగానే తన నల్ల గొడుగు కిటికీలోంచి లోపలికి పెట్టి ఎదురెదురుగా రెండు కిటికీ సీట్లు పట్టేవారు, ఒకటి తనకి, ఒకటి నాకు. వేమూరు దాకా కళ్ళు మూసుకుని ప్రార్థన, వేమూరు దాటాక లేసు అల్లిక. నేనేం చదువుతున్నానో ఆవిడ ఏనాడూ అడగలేదు. ఆవిడంటే నాకున్న గౌరవంలో సగం అందుకే.

"నెల్లాళ్ళా? ఒంట్లో బాగుందా?" అన్నారు.

"బాగుందండి. ఊరికేనండి."

"ఊరికేనా!" అని, నేనేదో కొత్త ఊరి పేరు చెప్పినట్టు చూసి, అల్లికలో పడ్డారు.

బాపట్లలో మొదటిరోజు స్వర్గం. సముద్రం మీది గాలి, వాకిట్లో మడత కుర్చీ, ఒళ్ళో లావుపాటి నవల. రెండోరోజు అక్క చంటిపిల్లని తెచ్చి నా ఒళ్ళో నవల ఉన్నచోట కూర్చోబెట్టి, "ఖాళీగానే ఉన్నావుగా, దీన్ని కాస్త చూడవే, నీళ్ళు పోసుకొస్తా" అంది. ఆ మాట ఆ ఇంట్లోంచి పక్కింటికి, పక్కింట్లోంచి వీధి చివరిదాకా ఎలా పాకిందో నాకు తెలీదు. ఖాళీగానే ఉన్నావుగా, మావాడికి ఎక్కాలు చెప్పు. ఖాళీగానే ఉన్నావుగా, ఆవకాయకి ముక్కలు తుడువు. ఖాళీగానే ఉన్నావుగా, మా ఆడపడుచుకి ఒక కార్డు రాసిపెట్టు, కోపంగా రాయి కానీ కోపం కనపడకూడదు. "చదువుకుంటున్నానండి" అంటే, "అవునమ్మా, అందుకే అడుగుతున్నా" అనేవాళ్ళు. ఆఫీసులో ఒక్క హెడ్ గుమస్తాగారే నాకు పని చెప్పేవారు. ఇక్కడ వీధి వీధంతా హెడ్ గుమస్తాలే. పైగా ఇక్కడ ఆదివారం లేదు.

మూడో వారంలో వడియాలు పెట్టారు. అక్క అత్తగారు డాబా మీద పాత పంచెలు పరిచి, తెల్లవారగట్లే లేచి, వరసలు వరసలుగా పెట్టుకొచ్చారు. మిగిలిన పిండి గిన్నె అక్కడే నీడన పెట్టి, నన్ను పిలిచి, "ఖాళీగానే ఉన్నావుగా అమ్మాయ్, ఆ పుస్తకమేదో డాబా మీద కూర్చుని చదువుకో. కాకులకి కాపలా ఉన్నట్టూ ఉంటుంది" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. చదువుకోమని ఒకరు నోరారా చెప్పడం ఆ ఊళ్ళో అదే మొదలు. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో నవల, నెత్తిమీద తడిగుడ్డ. పేజీ తిప్పినప్పుడల్లా తలెత్తకుండానే ఒకసారి "హుష్" అనేదాన్ని. కథలో నడిసముద్రంలో పడవ తుఫానులో చిక్కుకుంది. తెరచాప చిరిగింది. చుక్కాని విరిగింది. నేను హుష్ అంటూనే ఉన్నాను. కాకులకైతే హుష్ అర్థమవుతుంది. పక్కింటి మేక మెట్లెక్కి వచ్చి, ఆ చివరి నుంచి ఒక్కొక్క వరసా నింపాదిగా తినుకుంటూ నా కుర్చీ దాకా వచ్చేసింది. వడియాలు అయిపోయాక అది నా నవల వైపు మెడ చాచింది. అప్పుడు చూశాను. చూసి చేసిన పని చెబితే మీరు నవ్వుతారు. కర్ర అక్కడే పారేసి, పుస్తకాన్ని గుండెకి హత్తుకుని, మిగిలిన పిండి కూడా మేకకే వదిలేసి, మెట్లు దిగి పరుగెత్తాను (లైబ్రరీ పుస్తకం కదా మరి).

"కాకుల్ని తోలతావనుకున్నాను గానీ మేకకి పంక్తి భోజనం పెడతావనుకోలేదమ్మా!" అన్నారు అక్క అత్తగారు. "ఆఫీసులో కూడా ఇంతేనా? ఎవరైనా వచ్చి బీరువా తినిపోతే పేజీ తిప్పుకుంటావా?"

అక్క కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. 

ఆ సాయంత్రమే తోటాయన వాకిట్లోకి వచ్చాడు. "ఏం చెప్పమంటావమ్మాయ్?" అని బావగారు నన్ను పిలిచారు. గుమ్మం పక్కన నిలబడ్డాను. ఎప్పటిలాగే నోరు పెగల్లేదు. అటు చూస్తే రెండేళ్ళు రిక్షా ఎక్కకుండా నడిచిన నడక, ఇటు చూస్తే కిటికీ కింద కుర్చీ. అవునందామనే అనుకుంటున్నాను, నిజం చెప్పాలంటే. ఇంతలో అక్క అత్తగారు, పొద్దుటి కోపమంతా మర్చిపోయి, ఎంతో ప్రేమగా, "కొనుక్కోనీరా, మన పక్కనే ఉంటుంది. ఉద్యోగం కూడా మానేస్తుందిటగా. రేపణ్ణించీ మనకి చేదోడుగా ఉంటుంది. ఖాళీగానే ఉంటుందిగా!" అన్నారు.

"వద్దండీ!" అన్నాను.

అది అరుపు. నా గొంతులో అంత చోటుందని నాకే తెలీదు. తోటాయన ఒకడుగు వెనక్కి వేశాడు, తొట్లో చంటిపిల్ల లేచి ఏడ్చింది. "సరేనమ్మా, వద్దంటే వద్దు, దానికెందుకంత..." అని ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. పాపం ఆయన మళ్ళీ మా బావగారితో, "మీ మరదలు నోరులేని పిల్లని చెప్పారు కదండి" అన్నాట్ట.

లీవు ఇంకా మిగిలుండగానే తెనాలి వచ్చేసి, మర్నాడు పొద్దున్నే స్టేషనుకి వెళ్ళాను. బండి అప్పుడే నిండిపోయింది. మా పెట్టెలో ఏదో తగువు వినపడుతోంది.

"మనిషి లేని సీటుకి గొడుగేంటండీ? ఎన్నాళ్ళనించో చూస్తున్నాం. గొడుక్కి కూడా సీజను టిక్కెట్టు ఉందా?"

"ఆ అమ్మాయి వస్తుందమ్మా" అంటున్నారు టీచరమ్మగారు.

"ఏ అమ్మాయండీ? రోజూ ఇదే మాట!"

"ఇదిగో, ఈ అమ్మాయి" అని ఆవిడ గొడుగు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నేను కూర్చున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బొగ్గు నలుసు పడిందని చెప్పడానికి బండి ఇంకా కదల్లేదు కూడా.

"ఊరికే ఉండటం అయిందా?" అన్నారు.

"అయిందండి. ఊరికే ఉండటం చాలా పనండి."

ఆవిడ నవ్వి, ప్రార్థనకి కళ్ళు మూసుకున్నారు. నేను క్యారియరు కింది నుంచి నవల తీశాను. వేమూరు వచ్చేలోపు తుఫాను వెలిసింది, భట్టిప్రోలు దాటేసరికి పడవ ఒడ్డు చేరింది. నెల్లాళ్ళ రిటైర్మెంటులో తేలని కథ గంటలో తేలిపోయింది. చుట్టూ అంతమంది ఆడవాళ్ళు, గంపలు, పిల్లలు. ఒక్కరూ నన్ను కదపలేదు. ఆఫీసుకెళ్ళే మనిషి కదా మరి, ఎంత తొందరలో ఉంటుందో!

చీటీ సొమ్ములో కొంత పెట్టి టేకు బీరువా ఒకటి చేయించాను. "బట్టలకి ఎంత బాగుందే" అని మురిసిపోయిన పిన్ని, అందులో పుస్తకాలు పెడుతుంటే చూసి "నీ ఖర్మ" అంది. మిగతాది పోస్టాఫీసులో వేసి మర్చిపోయాను. ఉద్యోగం యాభై ఎనిమిదేళ్ళదాకా చేశాను. ఆ బాపట్ల స్థలంలో ఇప్పుడు మూడంతస్తుల మేడ ఉందిట. ఏ యేడాదికి దాని ధర ఎంతైందో విన్నప్పుడు, అది కొనుంటే నేను నిజంగానే ముప్పై అయిదేళ్ళకి రిటైరై ఉండేదాన్నని లెక్క తేలింది. ఈ మాట మా మనవడికి చెప్పలేదు, వాడి రాత్రి నిద్ర పాడవుతుందని.

ఇప్పుడూ వారానికొకసారి తెనాలిలో రేపల్లె బండెక్కుతాను. రేపల్లెలో నాకు పనేమీ లేదు. దిగి, టీ తాగి, తిరుగు బండెక్కుతాను. మొన్న ఒకమ్మాయి చంకలో పిల్లాడు, చేతుల్లో రెండు సంచులతో నా ఎదుట కూర్చుని, "ఖాళీగానే ఉన్నారుగా మామ్మగారూ, వీణ్ణి కాసేపు..." అంది.

"లేదమ్మా, ఆఫీసుకెళ్తున్నాను" అన్నాను.

ఆ పిల్ల నా తెల్లజుట్టు వైపు ఒకసారి, చేతిలో పుస్తకం వైపు ఒకసారి చూసి, "అయ్యో, సారీ అండి" అని పిల్లాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. నేను పేజీ తిప్పాను. వేమూరు ఇంకా రాలేదు.