గోడ మీది సర్పంచ్

నా చిన్నప్పుడు, సుల్తానాబాద్ దగ్గర మా పల్లెలో, పేపరు ఒక్క చాయ్ హోటల్‌కే వచ్చేది. పెద్దవాళ్ళు వార్తలన్నీ చదివి పక్కన పడేశాక మా పక్కింటి అక్క దాన్ని తెచ్చుకుని కార్టూను వెతుక్కునేది. కుర్చీని కావలించుకుని నిద్రపోతున్న మంత్రి, ఆ కుర్చీని నెత్తిన మోస్తున్న రైతు. అక్క విడమరచి చెబితే నేను పడీపడీ నవ్వేదాన్ని.

ఆ ఎండాకాలం మా వాడకు సర్కారు బోరింగు మంజూరైంది. సర్పంచ్ దాన్ని తన ప్రహరీ లోపల వేయించుకున్నాడు. ఆయన గేటు తెరిస్తేనే మాకు నీళ్ళు. మధ్యాహ్నం ఆయన నిద్ర లేచేదాకా మా అవ్వ, మిగతా ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఎండలో నిలబడేవాళ్ళు. ఇళ్ళల్లో అందరూ తిట్టుకునేవారే, ఆయన ఎదురైతే మాత్రం ఎవరికీ నోరు పెగిలేది కాదు. మా బాపు కౌలుకు చేసేది కూడా ఆయన పొలమే.

ఒకరోజు అక్క ఇంత బొగ్గు, ఇంత సున్నం పట్టుకుని పంచాయతీ ఆఫీసు గోడ దగ్గరికి పోయింది. నేనూ వెంటపడ్డాను. బోరింగుకు గొడుగు పట్టి, కుర్చీలో కునుకు తీస్తున్న సర్పంచ్‌ను గీసింది. గేటు బయట బిందెల వరుస గీసింది. వరుస చివర చిన్న బిందెతో నిలబడ్డ కాకిని మాత్రం నేను గీశాను.

చాయ్ తాగేవాళ్ళంతా వచ్చి మూగారు. సర్పంచ్‌కు ఒక కాలు కుంటు. అది కూడా గీస్తే మజా వస్తుందని తలా ఒక మాట అన్నారు. ఒకాయన బొగ్గు అందుకోబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది, ఎంత చెప్పినా ఒప్పుకోలేదు.

అంతలో సర్పంచే వచ్చాడు. గుంపులో ఉన్న మా బాపు మొహం పాలిపోయింది. సర్పంచ్ బొమ్మను తీరిగ్గా చూశాడు. ఎవరు గీశారని అడిగితే అక్క తానేనని చెప్పింది. ఆయన చూపు గోడ చివర ఆగింది.

"మరి గీ కాకి ఎందుకున్నది?"

నా బొమ్మ కదా, ఊరుకోలేకపోయాను. "దానికి గూడ దూపయితున్నది తాతా" అన్నాను.

కాకి దాహం మాటకు ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు గుంపంతా పాకింది. ఆయన కూడా మీసాల చాటున నవ్వు దాచుకోలేకపోయాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు.

"నా కాలు గియ్యలేదేంది?"

"కాలుతోని మాకేం లొల్లి లేదు సర్పంచ్‌సాబ్. మా లొల్లంత గేటుతోనే."

ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే ఒక మనిషిని పంపి గోడకు సున్నం కొట్టించాడు. నాకు ఏడుపొచ్చింది. మధ్యాహ్నానికి అదే మనిషి గడ్డపారతో వచ్చి, మా వాడ వైపున్న ప్రహరీని కూలగొట్టి బోరింగును బయటపెట్టాడు. కౌలు పోతుందేమోనని రాత్రంతా అక్కను తిట్టిన బాపు, అందరికన్నా ముందు బిందె పట్టుకుని ఉరికాడు. కౌలూ పోలేదు.

ఇప్పుడు దుబాయిలో ఉన్న మా మనవడు ఫోన్లో నాయకుల బొమ్మలు పంపుతుంటాడు. ఒకరి నలుపు మీదో, ఇంకొకరి బట్టతల మీదో వేసిన బొమ్మ వస్తే నాకు నవ్వు రాదు. "మరి ఆయన జేసిన పనేది బిడ్డా?" అని అడుగుతాను. చేసిన పని కనబడే బొమ్మ వచ్చిందా, కళ్ళద్దాలు సర్దుకుని వాడలో నలుగురినీ పిలిచి మరీ చూపిస్తాను.