పురుగులు మేయని రోజు

మా ముత్తాత మిట్టేమరి పక్కన రెండు ఊళ్లకు జోడిదారు. రైతుల దగ్గర కందాయం వసూలు చేసి, అందులో కొంతే సర్కారుకు కట్టే హక్కు ఆయనది. మా తాత విద్వాంసుడు. ఆయన పడసాలలో తంబూరా పట్టి కూర్చున్నాడంటే తాలూకాను ఏలే అమల్దారు కూడా చెప్పులు విడిచి, పిలిచేదాకా గడప అవతలే నిలబడేవాడు.

నేను సినిమాలకు సంగీతం చేస్తాను. దయ్యాల సినిమాలకూ చేశాను. ఏ స్వరానికి జనం ఉలిక్కిపడతారో తెలిసినవాణ్ణి కాబట్టి దయ్యాలను ఎన్నడూ నమ్మలేదు.

చాలాకాలం ఎవరూ పిలవని రోజుల్లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. బాగేపల్లి వైపు పట్టు రైతుల మీద. దర్శకురాలు బెంగళూరు అమ్మాయి. మొదట పంపిన ట్యూన్లు వద్దంది. ఈసారీ కుదరకపోతే ఇంకొకరిని చూసుకుంటానని మర్యాదగానే చెప్పింది.

పట్టుపురుగులు ఆకు మేస్తుంటే వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. ఆ చప్పుడు రికార్డు చేసి, దాని మీద సంగీతం కట్టాలనుకున్నాను. మా పాత ఇల్లు కొన్న నాగమ్మ, తాత కూర్చున్న పడసాలలోనే పురుగులు పెంచుతోంది. పట్టపగలే వెళ్లాను.

"జోడిదారప్ప మునిమనవడు పురుగుల పాట పట్టుకొనేకి వచ్చినారా?" అని నవ్వింది. "ఈపొద్దు జొరంలో ఉండాయప్పా. యాడిది సద్దు?"

పురుగు పొర విడిచే ముందు మేత మానేసి కదలకుండా పడుకుంటుంది. దాన్ని ఇక్కడ జ్వరం అంటారు. ఈ ఊళ్లో పుట్టి, ఆ మాట ముందుగా అడగకుండా వచ్చాను. ఉత్త చేతులతో వెనక్కి తిరగడానికి మనసొప్పలేదు.

"మాకు నిశ్శబ్దం కూడా కావాలమ్మా."

"అట్లయితే పట్టుకోండప్పా. దానికి బాడిగేమీ లేదులే."

అప్పుడు కరెంటు లేదు. ఫ్యాను తిరగడం లేదు, పక్క తోటలో మోటారు ఆడడం లేదు. నా చెవికి ఏమీ వినపడలేదు.

ఆ నిశ్శబ్దాన్ని అడుగున పరచి, పైన వేణువు, వయొలిన్ వేసి పంపాను. దర్శకురాలు వెంటనే ఫోన్ చేసింది.

"సార్, అడుగున ఆ తంబూరా ఒక్కటే ఉంచుదాం. మిగతాదంతా తీసేయండి."

నేను తంబూరా వేయలేదు.

ఒక్కొక్క వాయిద్యాన్నీ ఆపుతూ విన్నాను. చివరికి పడసాల నిశ్శబ్దమే మిగిలింది. అందులో ఏదో సన్నగా మోగుతోంది. కీబోర్డు మీద ఒకటో శ్రుతి నొక్కి చూశాను, ఒకటిన్నర శ్రుతి నొక్కి చూశాను. రెండింటికీ నడుమ ఉంది. మా తాత గొంతుకు కుదిరిన శ్రుతి అది. హార్మోనియంలో దొరకదని ఆయన హార్మోనియాన్ని గడప దాటనివ్వలేదు.

టైటిల్స్‌లో సంగీతం అన్నచోట నా పేరు తీసేయమన్నాను. మా ఇంట్లో ఒకరు మీటిన శ్రుతిని ఇంకొకరు తమదని చెప్పుకోలేదు.

"పేరు లేకపోతే మళ్లీ ఎవరు పిలుస్తారు సార్?" అంది.

అది నాకూ తెలుసు. తీసేయమనే అన్నాను. తర్వాత ఎవరూ పిలవలేదు.

మరో జ్వరానికి వెళ్లి మళ్లీ రికార్డు చేశాను.

"మళ్లా జొరానికే వచ్చినారే," అంది నాగమ్మ. "మేసేటప్పుడు రారా మీరు?"

ఈసారి రికార్డులో ఏమీ లేదు. మొదటిది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. వింటే నిద్ర పట్టదు, వినకుండానూ ఉండలేను. అదేమిటో చెప్పలేను.

మా ఇంట్లో పాడేవాడు పోతే తంబూరా తీగలు విప్పేస్తారు. మళ్లీ పాడే వారసుడు వచ్చినప్పుడే కట్టాలి. తాత పోయిన రోజు అవ్వ విప్పేసింది. నాన్న పాడలేదు. నేను కీబోర్డు నేర్చుకున్నాను.

ఇల్లు అమ్మకముందే నాన్న ఆ తంబూరాను చింతామణిలో అమ్మేశాడు, తీగలు లేకుండానే.